క్షయ క్రిములలో ఔషధ నిరోధకత – జన్యువులలోని 'అచ్చుతప్పులు': హైదరాబాద్ పాతబస్తీ నేపథ్యంలో వివరణ వ్యాసం

మందులకు లొంగని క్షయ వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా "రోగి మందులు సరిగా వాడలేదు, అందువల్ల క్రిమి మొండికెత్తింది" అనే వివరణ తరచుగా వినవస్తుంది. ఇందులో సత్యం సగం మాత్రమే ఉంది. క్రిమి స్వభావాన్ని మార్చేది మందు కాదు. క్రిమి జన్యువులలో కాకతాళీయంగా జరిగే మార్పులే నిరోధకతకు మూలం. ఆ మార్పు జరిగిన క్రిములను మిగిల్చి, తక్కిన వాటిని తొలగించడమే అరకొర చికిత్స చేసే పని. ఆ విధంగా మిగిలిన క్రిమి గాలి ద్వారా మరొకరికి సోకుతుంది. జీవితంలో ఒక్క క్షయ మాత్ర కూడా మింగని వ్యక్తికి తొలిసారే ఔషధ నిరోధక క్షయ రావడానికి కారణం ఇదే. కనుక రోగిని నిందించడం కన్నా, చికిత్స ఆరంభ దశలోనే క్రిమి జన్యువును పరీక్షించడం ముఖ్యం. ఈ అంశంపై పాత్రికేయుల, అధికారుల అవగాహన నిమిత్తం ముఖ్య విషయాలను ఇక్కడ పొందుపరచడమైనది.

44 లక్షల అక్షరాల గ్రంథం

క్షయకు కారణమైన సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్. 1882 మార్చి 24న జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దీని ఉనికిని బెర్లిన్‌లో ప్రకటించారు. ఆ తేదీనే ప్రపంచ క్షయ నివారణ దినంగా పాటిస్తున్నారు. ఈ క్రిమి జన్యుపటాన్ని శాస్త్రవేత్తలు 1998లో సంపూర్ణంగా ప్రచురించారు. అందులో సుమారు 44 లక్షల జన్యు అక్షరాలు, దాదాపు 4 వేల జన్యువులు ఉన్నట్లు తేలింది. ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో వ్రాసిన సుదీర్ఘ గ్రంథంగా దీనిని ఊహించుకోవచ్చు.

క్షయ క్రిమి సుమారు 18 నుంచి 24 గంటలకు ఒకసారి రెండుగా విడిపోతుంది. విడిపోయిన ప్రతిసారీ గ్రంథమంతటినీ తిరిగి నకలు చేసుకుంటుంది. అచ్చు కూర్చేవారి చేతిలో ఎప్పుడో ఒక అక్షరం తారుమారైనట్లుగానే ఈ నకలులోనూ అరుదుగా పొరపాటు దొర్లుతుంది. దీనినే శాస్త్ర పరిభాషలో ఉత్పరివర్తనం అంటారు. అనేక పొరపాట్ల వల్ల క్రిమికి లాభం గాని నష్టం గాని ఉండదు. కొన్నింటివల్ల క్రిమి నశిస్తుంది. బహు కొద్ది పొరపాట్లు మాత్రం ఒకానొక మందు నుంచి దానికి రక్షణ కల్పిస్తాయి.

ఇతర సూక్ష్మజీవులు అనేకం నిరోధక జన్యువులను ఒకదాని నుంచి మరొకటి అరువు తెచ్చుకోగలవు. క్షయ క్రిమిలో అటువంటి మార్పిడి జరుగుతున్న దాఖలా లేదు. దాని ఔషధ నిరోధకతకు స్వంత జన్యువులలోని మార్పులే ఆధారం. ఎక్కడ మార్పు జరిగితే ఏ మందు పనిచేయదో తెలిసిన పక్షంలో, ఆ చోటును చదివి ఫలితం చెప్పే అవకాశం ఇందువల్లనే ఏర్పడింది.

ఒక్క మందు ఎందుకు చాలదు?

ప్రకృతిసిద్ధంగా ప్రతి 10 లక్షల క్షయ క్రిములలో సుమారు ఒకటి ఐసోనియాజిడ్‌ను తట్టుకోగలదని, ప్రతి 10 కోట్ల క్రిములలో సుమారు ఒకటి రిఫాంపిసిన్‌ను తట్టుకోగలదని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క కుహరంలోనే 10 కోట్ల క్రిములు ఉండవచ్చు. అంటే చికిత్స ఆరంభించక మునుపే ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిములు దాదాపు 100, రిఫాంపిసిన్‌కు లొంగనిది ఒకటి అక్కడ ఉండే అవకాశం ఉంది.

అట్టి స్థితిలో ఒకే మందు ఇస్తే కోట్ల క్రిములు నశిస్తాయి, దగ్గు తగ్గుతుంది, రోగి కోలుకున్నట్లే కనిపిస్తాడు. కాని మిగిలిన ఆ కొద్ది క్రిములు నెలల వ్యవధిలో మళ్లీ కోట్లవుతాయి. ఈసారి అవన్నీ ఆ మందుకు లొంగనివే. 1940 దశకంలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చికిత్స చేసిన రోజులలో వైద్యులకు ఎదురైన అనుభవం ఇదే. రెండు మందులనూ ఏకకాలంలో తట్టుకోగల క్రిమి తనంత తానుగా ఏర్పడే అవకాశం ఒకటి తరువాత 14 సున్నాలు వేసినన్ని క్రిములలో ఒక్కటి మాత్రమే. మానవ శరీరంలో అన్ని క్రిములు ఉండవు. నాలుగు మందులను కలిపి ఇచ్చే చికిత్సా విధానానికి పునాది ఈ లెక్కే.

మందులు మధ్యలో మానివేయడం, మోతాదు తగ్గించడం, ఒక మందు దొరకనప్పుడు మిగిలిన వాటితో సరిపెట్టడం, నాణ్యత లేని మందులు వాడడం – ఇవన్నీ ఈ లెక్కను భంగపరుస్తాయి. వీటిలో కొన్ని రోగి చేతిలో ఉన్నవి. మరికొన్ని వైద్యుని చేతిలో, ఔషధ సరఫరా వ్యవస్థ చేతిలో ఉన్నవి.

ఏ మందుకు ఏ జన్యువు?

రిఫాంపిసిన్: క్రిమి తన జన్యు సందేశాన్ని చదువుకోవడానికి ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైము అవసరం. రిఫాంపిసిన్ ఆ ఎంజైముకు అతుక్కుని పనిని స్తంభింపజేస్తుంది. ఎంజైములోని ఈ భాగాన్ని నిర్మించే జన్యువు పేరు ఆర్.పి.ఓ.బి. రిఫాంపిసిన్ నిరోధకతలో సుమారు 95 శాతం ఈ జన్యువులోని 81 అక్షరాల చిన్న భాగంలోనే కనిపిస్తుంది. అన్నింటికన్నా తరచుగా కనిపించేది 450వ స్థానంలోని మార్పు. అక్కడ 'టి.సి.జి.' అని ఉండవలసిన చోట 'టి.టి.జి.' అవుతుంది. ఈ ఒక్క అక్షరం వల్ల సెరీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ల్యూసీన్ చేరుతుంది, మందుకు అతుక్కునే చోటు పోతుంది. పాత గ్రంథాలలో ఇదే మార్పును 531వ స్థానంగా పేర్కొన్నారు. లెక్కించే పద్ధతి వేరైనా మార్పు ఒక్కటేనని గమనించగలరు.

ఐసోనియాజిడ్: ఈ మందు శరీరంలో ప్రవేశించినప్పుడు నిద్రాణ స్థితిలో ఉంటుంది. క్రిమిలోని కాట్–జి అనే జన్యువు తయారుచేసే ఎంజైమే దానిని మేల్కొలుపుతుంది. ఈ సంబంధం 1992లో వెల్లడైంది. కాట్–జి 315వ స్థానంలో 'ఎ.జి.సి.' కాస్తా 'ఎ.సి.సి.'గా మారితే మందు మేల్కొనదు. ఇన్హ్–ఎ అనే మరొక జన్యువు ఆరంభ భాగంలో జరిగే మార్పు వల్ల స్వల్ప స్థాయి నిరోధకత కలుగుతుంది. అటువంటి సందర్భాలలో అధిక మోతాదు ఐసోనియాజిడ్ ఉపయోగపడే అవకాశం ఉన్నది గాని, ఇథియోనమైడ్ అనే వేరొక మందు పనిచేయకపోవచ్చు. కనుక నిరోధకత ఉన్నదా లేదా అన్నదే కాక, అది ఏ జన్యువులో ఉన్నదో కూడా వైద్యునికి తెలియవలసి ఉంటుంది.

ఇతర మందులు: పైరాజినమైడ్ నిరోధకతకు పి.ఎన్.సి.ఎ. జన్యువు ప్రధాన కారణం. ఇందులో మార్పులు ఒకచోట కాక జన్యువంతటా చెదిరి ఉండడం వల్ల శీఘ్ర పరీక్ష రూపొందించడం కష్టమైంది. ఇథాంబ్యుటాల్‌కు ఎంబ్–బి, ఫ్లోరోక్వినలోన్ తరగతి మందులకు జైర్–ఎ జన్యువులు ముఖ్యమైనవి. కొత్త మందు బెడాక్విలిన్ విషయంలో ఎం.ఎం.పి.ఆర్.5 అనే జన్యువు దెబ్బతింటే, క్రిమి లోపలికి చేరిన మందును బయటకు తోసివేసే పంపులు అదుపు లేకుండా పనిచేస్తాయి. దీనివల్ల క్లోఫాజిమిన్ అనే మందు కూడా బలహీనపడుతుంది. బెడాక్విలిన్ నెలల తరబడి శరీరంలో నిలిచి ఉంటుంది. రోగి అన్ని మందులూ ఒకేసారి మానివేసినా, తక్కినవి త్వరగా తొలగిపోయి ఇది ఒంటరిగా మిగులుతుంది. నిరోధక క్రిముల ఎంపికకు అది చాలు.

నిరోధక క్రిమి బలహీనమైనది, అది వ్యాపించదు అని ఒకప్పుడు భావించేవారు. మార్పు వల్ల క్రిమికి కొంత నష్టం కలిగే మాట నిజమే. కాని ఆర్.పి.ఓ.సి. వంటి జన్యువులలో జరిగే తదుపరి మార్పులు ఆ నష్టాన్ని భర్తీ చేస్తున్నట్లు పరిశోధనలలో వెల్లడైంది.

దేశంలో పరిస్థితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023 సంవత్సరంలో ప్రపంచంలో 1 కోటి 8 లక్షల మంది క్షయ బారిన పడగా, వారిలో 26 శాతం భారతదేశంలోనివారే. మన దేశంలో 2014 – 2016 మధ్య నిర్వహించిన మొదటి జాతీయ ఔషధ నిరోధకత సర్వే ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వాటి ప్రకారం ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని క్షయ కొత్త రోగులలో 2.84 శాతం, గతంలో చికిత్స పొందినవారిలో 11.60 శాతంగా తేలింది. అనగా పాత రోగులలో దాదాపు 9 మందిలో ఒకరికి, కొత్త రోగులలో దాదాపు 35 మందిలో ఒకరికి ఈ సమస్య ఉంది. కొత్త రోగులు ఇంతకుముందు మందులు వాడినవారు కారు. వారికి సోకిన క్రిమే నిరోధక క్రిమి. ఐసోనియాజిడ్ విషయంలో కొత్త రోగులలోనే 11.06 శాతం మందిలో నిరోధకత కనిపించడం గమనార్హం.

హైదరాబాద్ పరిశోధన, పాతబస్తీ అవసరం

ఈ రంగంలో హైదరాబాద్ నగరానికి విశిష్టమైన స్థానం ఉంది. నగరంలోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం డైరెక్టరుగా ప్రొఫెసర్ సయ్యద్ ఎహతేషామ్ హస్నైన్ ఉన్న కాలంలో అక్కడి శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి, ఉత్తర భారత రోగుల నుంచి సేకరించిన బహుళ ఔషధ నిరోధక క్రిముల జన్యు మార్పులను విశ్లేషించి 2002లో ప్రచురించారు. విదేశాలలో గుర్తించిన మార్పులతో పాటు అంతకుముందు నమోదు కానివి కూడా మన దేశపు క్రిములలో ఉన్నట్లు ఆ అధ్యయనం తెలియజేసింది.

చికిత్స నిర్వహణలోనూ నగరం ఒక మార్గం చూపింది. పాతబస్తీకి మూసీ నది ఆవలనున్న ఎ.సి. గార్డ్స్‌లోని మహావీర్ ఆసుపత్రి 1995 అక్టోబరులో డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి నేతృత్వంలో, ప్రభుత్వ సహకారంతో లక్ష మంది జనాభాకు క్షయ చికిత్సను చేపట్టింది. 1998లో దానిని 5 లక్షల జనాభాకు విస్తరించారు. ప్రైవేటు వైద్యులు రోగులను పంపగా, రోగి ఇంటికి సమీపాన ఉన్న నర్సింగ్ హోములలో కళ్లెదుట మందులు మింగించే ఏర్పాటు జరిగింది. ప్రైవేటు వైద్యులను దూరం పెట్టడం కాక, వారిని కలుపుకొని పోవడమే మార్గమని ఈ అనుభవం నిరూపించింది.

పాతబస్తీకి ఈ పాఠం ఎంతో అవసరం. చార్మినార్ చుట్టూ ఉన్న మొహల్లాలలో ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఒకే గదిలో అనేకమంది నివసించే కుటుంబాలు ఉన్నాయి. లక్క గాజుల తయారీ, జరీ పని వంటి వృత్తులు ఇంటిలోనే, తలుపులు మూసిన గదులలో సాగుతుంటాయి. గాలి, వెలుతురు తక్కువైన చోట క్షయ క్రిమి ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. చికిత్స పొందని ఊపిరితిత్తుల క్షయ రోగి ఏడాదికి సగటున 10 నుంచి 15 మందికి క్రిమిని సోకించగలడని అంచనా. సోకినవారందరికీ వ్యాధి రాదు; జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందికి మాత్రమే వస్తుంది. అయినప్పటికీ ఇంటిలో ఒకరి వద్ద ఉన్నది నిరోధక క్రిమి అయితే, పిల్లలకు, వృద్ధులకు సోకేది కూడా అదే.

దగ్గు వచ్చినవారు మొదట వీధి చివరి క్లినిక్కుకు, మందుల దుకాణానికి వెళ్లడం పరిపాటి. క్షయ అని సందేహించక ముందే ఫ్లోరోక్వినలోన్ తరగతి యాంటీబయాటిక్ ఇస్తే దగ్గు తాత్కాలికంగా తగ్గి, వ్యాధి నిర్ధారణ ఆలస్యం కావడమే కాక, ఒంటరి మందు సమస్య మళ్లీ ఎదురవుతుంది. పెండ్లి కావలసిన ఆడపిల్లకు 'తపే దిఖ్' అని తెలిస్తే సంబంధాలు రావనే భయంతో చికిత్సను రహస్యంగా ఉంచే కుటుంబాలూ ఉన్నాయి. ఎర్రగడ్డలోని ఛాతీ వ్యాధుల ఆసుపత్రి వరకు వెళ్లిరావడమంటే రోజుకూలీకి ఒక పూట కూలి పోయినట్లే. ఇవేవీ రోగి నిర్లక్ష్యం పద్దులో వ్రాయదగినవి కావు.

పరీక్షలు: వారాల నుంచి గంటలకు

తెమడను సూక్ష్మదర్శిని క్రింద చూసినప్పుడు క్రిమి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది గాని, అది ఏ మందుకు లొంగుతుందో తెలియదు. ఘన మాధ్యమంలో క్రిమిని పెంచి మందులతో పరీక్షించడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పట్టేది. ఫలితం వచ్చేలోగా రోగి పనిచేయని మందులు వాడుతూ, ఇంటివారికి క్రిమిని పంచుతూ ఉండేవాడు.

జన్యు పరీక్షలు ఈ పరిస్థితిని మార్చివేశాయి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ నిరోధకతలను కొద్ది రోజులలో తెలిపే లైన్ ప్రోబ్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆమోదించింది. ఆర్.పి.ఓ.బి.లోని 81 అక్షరాలను సుమారు రెండు గంటలలో పరిశీలించే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు 2010లో ఆమోదం లభించింది. మన దేశంలో దీనిని సి.బి.నాట్ అని వ్యవహరిస్తున్నారు. గోవాలో తయారవుతున్న ట్రూనాట్ పరికరాన్ని 2020లో ఆ సంస్థ సిఫారసు చేసింది.

అయితే ఒక విషయం గుర్తుంచుకోవలసి ఉంది. సాధారణ సి.బి.నాట్, ట్రూనాట్ పరీక్షలు రిఫాంపిసిన్ నిరోధకతను మాత్రమే తెలుపుతాయి. "నిరోధకత లేదు" అని వచ్చిన నివేదికకు "రిఫాంపిసిన్‌కు నిరోధకత కనబడలేదు" అనే అర్థం. ఐసోనియాజిడ్ సంగతి తేలాలంటే లైన్ ప్రోబ్ వంటి తదుపరి పరీక్ష అవసరం. 81 అక్షరాల వెలుపల జరిగే అరుదైన మార్పులు కూడా వీటికి దొరకవు.

జన్యుపటమంతటినీ చదవడం ఇందుకు తదుపరి మెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 38 వేలకు పైగా, 2023లో 52 వేలకు పైగా క్రిమి నమూనాల ఆధారంగా ఏ మార్పు ఏ మందుకు నిరోధకత కలిగిస్తుందో తెలిపే పట్టికలను వెలువరించింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2022లో దేశీయ క్షయ క్రిముల జన్యు పరిశీలన కార్యక్రమాన్ని ఆరంభించింది.

చికిత్సలో మార్పులు

ఔషధ నిరోధక క్షయకు ప్రత్యేక చికిత్సను జాతీయ కార్యక్రమం క్రింద 2007లో గుజరాత్, మహారాష్ట్రలలో ఆరంభించి, తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, ఇతర రాష్ట్రాలకు విస్తరించారు. అప్పట్లో చికిత్సా కాలం దాదాపు రెండేళ్లు. నెలల తరబడి సూది మందు తప్పేది కాదు. దాని వల్ల కొందరికి వినికిడి శక్తి దెబ్బతినేది. బెడాక్విలిన్ 2016లో దేశంలో అందుబాటులోకి వచ్చింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే నాలుగు మందులతో, సూది మందు లేకుండా, సుమారు ఆరు నెలలలో పూర్తయ్యే చికిత్సకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అర్హులైన రోగులకు ఇది గొప్ప ఊరట. అయితే ఈ కొత్త మందులను కూడా అరకొరగా వాడితే నిరోధక క్రిములు మిగిలే ప్రమాదం లేకపోలేదు.

అధికారుల దృష్టికి

క్షయ రోగుల వివరాలను ప్రైవేటు వైద్యులు సైతం ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లో ఆదేశాలు వెలువడ్డాయి. 2018లో మందుల దుకాణాలకు కూడా ఈ బాధ్యతను వర్తింపజేశారు. 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్–1 ప్రకారం క్షయ మందులు విక్రయించే దుకాణదారు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఈ రిజిస్టర్ల తనిఖీ వల్ల ఏ వీధిలో ఎవరు కార్యక్రమం వెలుపల మందులు వాడుతున్నారో తెలుసుకోవచ్చు.

ప్రతి క్షయ రోగికి ఔషధ నిరోధకత పరీక్ష జరిగినదీ లేనిదీ, రిఫాంపిసిన్‌తో పాటు ఐసోనియాజిడ్ ఫలితం అందినదీ లేనిదీ క్షేత్రస్థాయి సమీక్షలలో విడివిడిగా పరిశీలించడం ఆవశ్యకం. నిరోధక క్షయ గుర్తించిన ఇంటిలో తక్కిన కుటుంబ సభ్యులను తప్పక పరీక్షించాలి. పాతబస్తీలో ప్రచార సామగ్రి తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. చికిత్స పొందుతున్నవారికి పోషకాహారం నిమిత్తం 2018 ఏప్రిల్ నుంచి ఇస్తున్న నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచిన విషయం కూడా రోగులందరికీ తెలియజేయవలసి ఉంది.

పాత్రికేయులకు విజ్ఞప్తి

క్షయకు కారణం బాక్టీరియా. వైరస్ అని వ్రాయరాదు. "మందులకు లొంగని క్షయ" అన్న మాట ఏ మందూ లేదన్న భయాన్ని కలిగిస్తుంది. కొన్ని మందులకు లొంగని క్రిమి వేరే మందులకు లొంగుతుంది. కనుక "ఔషధ నిరోధక క్షయ" అని వ్రాసి, చికిత్స ఉన్నదని అదే వార్తలో తెలపడం సముచితం. రోగి పేరు, ఛాయాచిత్రం, ఇంటి గుర్తులు ప్రచురించవద్దు. ఒక ప్రాంతాన్ని వ్యాధికి నిలయంగా చిత్రించే శీర్షికల వల్ల అక్కడి ప్రజలు పరీక్షకు ముందుకు రాక వెనుకంజ వేస్తారు.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం వంటి లక్షణాలు ఉన్నవారు సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించాలి. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. నిక్షయ్ ఉచిత ఫోన్ నంబరు 1800–11–6666 ద్వారా సమాచారం పొందవచ్చు.

44 లక్షల అక్షరాలలో ఒక్క అక్షరం మారినందుకు ఒక కుటుంబం నెలల తరబడి పనిచేయని మందులు మింగవలసి రావడం నేడు తప్పనిసరి కాదు. ఆ అక్షరాన్ని చదివే సాధనం చేతిలో ఉంది. చికిత్స మొదలయ్యేనాటికే ప్రతి రోగి తెమడ ఆ సాధనం వద్దకు చేరేలా చూడడమే అందరి బాధ్యత.